సుక్కి పరగడుపు

దసరా సెలవులు మొదలైన ఆదివారం. సాయంత్రం ఐదున్నరకి నాన్న పెరట్లోకి వచ్చి అందరినీ కూర్చోమన్నాడు. అందరూ అంటే ముగ్గురే. రాజశ్రీ, మామ్మ, సుక్కి. అమ్మ మాత్రం లోపల మర్నాటి డ్యూటీకి బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ వింటోంది. అచ్యుతాపురంలో బట్టల కంపెనీలో ఆమెకి ఉద్యోగం. తెల్లారకముందే కంపెనీ బస్సు ఎక్కాలి.

రేపు సుక్కికి ఆపరేషన్. కడుపు కింద నిమ్మకాయంత గడ్డ లేచింది. అది పెరగకముందే తీసేస్తే మంచిదని డాక్టరు గారు చెప్పారు.

రాత్రి ఎనిమిదికి ఆఖరు భోజనం, ఆ తర్వాత మెతుకు కూడా పెట్టకూడదన్నాడు నాన్న. పొద్దున్న ఆరింటి వరకు కొంచెం నీళ్ళు తాగొచ్చు. అంతే.

"మత్తు మందిత్తారంట. అందుకే పరగడుపున తేవాలంట. ఇన్నావా అమ్మా?" అని మామ్మని ప్రత్యేకంగా అడిగాడు.

మామ్మ తలూపింది. రాజశ్రీ కూడా తలూపింది. సుక్కి తోక ఊపింది.

సుక్కి అంటే గోధుమరంగు ఊరకుక్క. నుదుటి మీద తెల్లటి మచ్చ. డాక్టరు గారి దగ్గర చీటీలో నాన్న 'చుక్కి' అని రాయించాడు గానీ, ఇంట్లో ఎవరూ అలా పిలవరు. పేరు పెట్టింది తాత. ఆయన సుక్కి అన్నాడు కాబట్టి అది సుక్కే.

తాత పేరు పరదేశి. దేవరాపల్లి దగ్గర చెరకు తోట కౌలుకి చేసేవాడు. రాజశ్రీకి ఏడాది నిండిన ఏడు, చెరకు నరుకుతుంటే ఎండుటాకుల్లో కుయ్యి కుయ్యిమంటూ ఒక పిల్ల కనిపించింది. ఇంకా కళ్ళు కూడా సరిగ్గా తెరవలేదు. చుట్టుపక్కల తల్లి లేదు. తాత దాన్ని తువ్వాల్లో చుట్టుకుని సాయంత్రం బస్సెక్కాడు. తువ్వాలు కదులుతుంటే కండక్టరు అందులో ఏముందని అడిగాడట. "మా మనవరాలికి సెల్లి" అన్నాడట తాత. బస్సంతా నవ్విందట.

ఇదంతా రాజశ్రీకి గుర్తుండే అవకాశం లేదు. కానీ మామ్మ ఎన్నోసార్లు చెప్పడంతో, ఆ బస్సులో తాత పక్క సీట్లో తనూ కూర్చున్నట్టే అనిపిస్తుంది.

బాగా గుర్తున్నది మాత్రం తాత టీ. పొద్దున్న ఆరున్నరకి అనకాపల్లిలో మా గవరపాలెం వీధిలోకి ఎండ రాకముందే తాత గడప పక్కన పీట వేసుకునేవాడు. ఎదురుగా సుక్కి కూర్చునేది. తాత ఒక రస్కు టీలో ముంచుకుని తినేవాడు. ఇంకో రస్కు పాలలో నానబెట్టి, "ఇందా" అని సుక్కికి పెట్టేవాడు. తనకొకటి, దానికొకటి. ఆయన ఒకటి ఎక్కువ తిన్నా సుక్కి ఊరుకునేది కాదు.

రెండేళ్ళ క్రితం వానాకాలంలో తాత పోయాడు. ఇంటినిండా చుట్టాలు. ఆ హడావుడిలో సుక్కిని ఎవరూ పట్టించుకోలేదు. అది గడప మీద గడ్డం ఆనించి పడుకుంది. నాలుగు రోజులు ఏమీ ముట్టలేదు. ఐదో రోజు పొద్దున్న రాజశ్రీ ఒక రస్కు పాలలో నానబెట్టి, తాతలాగే "ఇందా" అంది. సుక్కి లేచి, చాలాసేపు వాసన చూసి, తింది.

అప్పట్నుంచి పొద్దుటి రస్కు రాజశ్రీ పని. ఒక్కరోజు కూడా తప్పలేదు. జ్వరం వచ్చినప్పుడు కూడా.

మర్నాడు పొద్దున్న ఆరుంబావుకి రాజశ్రీ నిద్ర లేచింది. అమ్మ ఎప్పుడో వెళ్ళిపోయింది. నాన్న స్నానానికి వెళ్ళాడు. మామ్మ పెరట్లో పువ్వులు కోస్తోంది.

సుక్కి గడప మీద గడ్డం ఆనించి పడుకుని ఉంది. అచ్చం ఆ నాలుగు రోజుల్లోలాగే. రాజశ్రీని చూసి లేవలేదు. కళ్ళు మాత్రం పైకెత్తింది.

ఆమెకి తాత షుగర్ టెస్టు గుర్తొచ్చింది. దానికీ పరగడుపునే వెళ్ళాలి. ఒకసారి తాత మరిచిపోయి టీ తాగి వెళ్ళాడు. ఏమైంది? ల్యాబు వాళ్ళు రేపు రమ్మన్నారు. అంతేగా. సుక్కిది కూడా అలాంటిదే అయి ఉంటుంది. అయినా రస్కు అన్నమా? పాలలో వేస్తే అది కూడా పాలే అయిపోతుంది.

ఇలా తనకు తనే చెప్పుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. ఆపరేషన్ రోజు కదా అని ఒకటికి మూడు రస్కులు తీసింది. గిన్నెలో పాలు పోసి, గడప దగ్గర పెట్టి, ఎవరికీ వినపడకుండా "ఇందా" అంది.

సుక్కి మొదటిది గబగబా తింది. రెండోది కూడా. మూడో దాన్ని నోట కరిచి, కింద పెట్టి, మళ్ళీ నెమ్మదిగా తింది. ఎప్పుడూ అలా చెయ్యదు. పాపం భయపడుతోంది గాబోలు అనుకుంది రాజశ్రీ. గిన్నె కడిగి, బోర్లించి, చేతులు లంగాకి తుడుచుకుంది.

క్లినిక్కి ఆటోలో వెళ్ళారు. సుక్కి దారంతా రాజశ్రీ ఒళ్ళో తల పెట్టుకుని ఉంది. మామ్మ కూడా వస్తానని పట్టుబట్టి వచ్చింది. ఎందుకో ఈరోజు ఎక్కువ మాట్లాడటం లేదు.

డాక్టర్ దుర్గాలక్ష్మి గారు పొట్టిగా, చురుగ్గా ఉంటారు. ఆవిడ దగ్గర పనిచేసే త్రినాధరావు సుక్కిని ఎత్తి బరువు చూసే బల్ల మీద నిలబెట్టాడు. బరువుని బట్టే మత్తు మందు కొలుస్తారట. డాక్టరు గారు దాని గుండె చాలాసేపు విన్నారు. చిగుళ్ళు నొక్కి చూశారు. తర్వాత, రాత్రి నుంచి ఏమైనా తిన్నదా అని అడిగారు.

"ఏటీ ఎట్టలేదండీ. రాత్రి ఎనిమిదికే ఆకరు" అన్నాడు నాన్న.

రాజశ్రీ గోడ మీద ఉన్న ఆవు బొమ్మ వైపు చూసింది. మామ్మ బయట బెంచీ మీద కూర్చుంది.

త్రినాధరావు సుక్కి ముందుకాలి మీద కొంచెం బొచ్చు గొరిగి, సన్నటి సూది గొట్టం పెట్టి, ప్లాస్టరు చుట్టాడు. సుక్కి ఓర్చుకుంది. మూలన ఆక్సిజన్ సిలిండరు ఉంది. దాన్ని చూస్తే రాజశ్రీకి భయం వేసింది. సుక్కికి ఊపిరి ఆడదా అని డాక్టరు గారిని అడిగింది.

ఆవిడ ట్రేలో మందులు సర్దుకుంటూనే ఓపిగ్గా చెప్పారు. మత్తులో ఉన్నంతసేపు సుక్కి తనంతట తాను జాగ్రత్త పడలేదు. అందుకే గొంతులోకి గొట్టం వేసి ఆక్సిజన్ ఇస్తారు. ఒకరు గుండె వింటూనే ఉంటారు.

"నీకెప్పుడైనా పొలమారిందా?" అని అడిగారు.

చాలాసార్లు, అంది రాజశ్రీ.

"అప్పుడేం చేస్తావు?"

"దగ్గుతాను. మామ్మ నెత్తి మీద తడుతుంది. ఎవరో తలుచుకుంటున్నారంటుంది."

డాక్టరు గారు నవ్వారు. "ఆ దగ్గే నిన్ను కాపాడుతుంది. అడ్డదారిలో వెళ్ళినదాన్ని బయటికి నెట్టేస్తుంది. మత్తులో ఉన్న కుక్క దగ్గలేదమ్మా. దాని గొంతు కూడా నిద్రపోతుంది. కడుపులో తిండి ఉంటే అది పైకొచ్చి, ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంది. ఇక దాన్ని మనం తీయలేం. అందుకే అందరినీ రెండేసిసార్లు అడుగుతాను, ఏం తిన్నదని."

ఆవిడ సిరంజీ చేతిలోకి తీసుకున్నారు. అందులో పాలలాంటి తెల్లటి మందు ఉంది.

రాజశ్రీ సిరంజీనే చూసింది. మూడు రస్కులు. గిన్నెడు పాలు. నాన్న పక్కనే ఉన్నాడు. ఈ ఆపరేషన్ కోసం మోటార్లు బాగుచేసే షాపులో సెలవు అడిగి వచ్చాడు. ఇప్పుడు చెబితే అందరి ముందూ తిడతాడు. చెప్పకపోతే ఏమీ కాకపోవచ్చు కూడా. రస్కులు ఈపాటికి కరిగిపోయి ఉంటాయేమో.

సుక్కి బల్ల మీద పడుకుని రాజశ్రీనే చూస్తోంది. ఎవరేం చేసినా ఊరుకుంటోంది. రాజశ్రీ పక్కన ఉంటే దానికి అంత ధైర్యం.

"మేడం, ఆగండి" అంది రాజశ్రీ. "నేను పెట్టేను. మూడు రస్కులు. పాలల్లో నానబెట్టి."

డాక్టరు గారు సిరంజీని మళ్ళీ ట్రేలో పెట్టేశారు.

"ఎన్నింటికి?"

"ఆరుంబావుకి."

నాన్న ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. డాక్టరు గారు చెయ్యెత్తి ఆపారు. తలుపు తీసి, బయట ఉన్న మామ్మని లోపలికి పిలిచారు. ఇంట్లో పిల్లలు పెట్టారంటే పెద్దవాళ్ళని కూడా అడగాలి, అది నా అనుభవం అన్నారు.

మామ్మ లోపలికి వచ్చి, సుక్కిని చూసి, మనవరాలి తడి కళ్ళు చూసి, సంగతి గ్రహించింది. కొంగు వేలికి చుట్టుకుంది.

"నాలుగు ముద్దలు పెరుగన్నం ఎట్టేనమ్మా" అంది. "తెల్లారగట్ట కోడలు బస్సెక్కేక. దాని మొకం సూడలేకపోయేను. ఈళ్ళ తాతున్నన్నాళ్ళూ అదెప్పుడూ పస్తుండలేదు."

మూడో రస్కు సుక్కి ఎందుకంత నెమ్మదిగా తిందో రాజశ్రీకి అప్పుడు తెలిసింది.

నాన్న బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. త్రినాధరావు మాత్రం కిటికీ వైపు తిరిగి నవ్వాపుకున్నాడు.

ఈరోజు చెయ్యనని, బుధవారం తీసుకురమ్మని చెప్పారు డాక్టరు గారు. సుక్కి కాలి ప్లాస్టరు తనే విప్పారు. వెళ్ళేటప్పుడు రాజశ్రీ భుజం మీద చెయ్యేశారు.

"చాలామంది పెడతారు. ప్రేమతోనే పెడతారు. పెట్టామని చెప్పేవాళ్ళు తక్కువ. నువ్వు చెప్పావు కాబట్టి సుక్కి నడిచి ఇంటికెళ్తోంది" అన్నారు.

ఇంటికి వచ్చాక నాన్న ఎవరితోనూ మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. మామ్మ వంటింట్లో, రాజశ్రీ పెరట్లో. ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోలేదు. సుక్కి మాత్రం ఇద్దరి మధ్యా తిరుగుతూ హాయిగా ఉంది.

మధ్యాహ్నం భోజనం అయ్యాక నాన్న వచ్చి జామచెట్టు కింద రాజశ్రీ పక్కన కూర్చున్నాడు. కాసేపు సుక్కి చెవులు నిమిరాడు. ఆ తర్వాత ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పడం మొదలుపెట్టాడు.

నాన్నకి పదేళ్ళప్పుడు కడుపునొప్పి వచ్చి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. పెద్దాసుపత్రిలో చేర్చారు. ముందురోజు రాత్రి నుంచి ఏమీ పెట్టలేదు. పక్క మంచం మీద పిల్లాడు ఇడ్లీ తింటుంటే నాన్నకి ఏడుపొచ్చింది. ఒక్క ఇడ్లీ పెట్టమని తాతని బతిమాలాడు. తాత పెట్టలేదు.

"ఆకలేత్తంది నాన్నా అంటే, నాకూ ఏత్తందిరా అన్నాడు. నువ్వు తినొచ్చు కదా అన్నాను. నువ్వు లేసేక ఇద్దరం కలిసే తిందాం అన్నాడు" అని చెప్పాడు నాన్న. "అప్పటికి ఆయన కూడా రాత్రి నుంచి ఏటీ తినలేదు."

అలా కూర్చుని, నాన్నకి ఆకలి గుర్తు రాకుండా ఉండాలని తాత ఒక ఆట పెట్టాడట. అనకాపల్లిలో బస్సెక్కితే తుమ్మపాల, అక్కణ్ణుంచి చోడవరం మీదుగా దేవరాపల్లి దాకా బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో వరసగా చెప్పాలి. ఒక్క స్టాపు తప్పితే మళ్ళీ మొదటి నుంచి. మూడోసారి చెబుతుండగా స్ట్రెచరు వచ్చేసింది.

"ఆరోజు తాత నాకు ఇడ్లీ ఎట్టలేదని శానా కోపం వచ్చింది" అన్నాడు నాన్న. లేచి, షర్టు దులుపుకుని, షాపు వైపు వెళ్ళిపోయాడు.

రాజశ్రీ అక్కడే కూర్చుని చాలాసేపు ఆలోచించింది. తాత అంటే పెట్టే చెయ్యి అని మాత్రమే ఆమెకి తెలుసు. పెట్టకుండా పక్కన కూర్చున్న తాతని ఆమె ఎప్పుడూ చూడలేదు.

మంగళవారం రాత్రి సుక్కి ఎనిమిదికి తినేసింది. బుధవారం పొద్దున్న ఆరింటికి రాజశ్రీ లేచేసరికి, అది మళ్ళీ గడప మీదే ఉంది. అదే చూపు.

రాజశ్రీ ఈసారి వంటింట్లోకి వెళ్ళలేదు. వచ్చి సుక్కి పక్కన గడప మీద కూర్చుంది. దాని తల తన ఒళ్ళోకి తీసుకుంది. మామ్మ పాలు తాగమని పిలిస్తే, సుక్కి లేచాక తాగుతానంది. మామ్మ కాసేపు గుమ్మంలో నిలబడింది. తర్వాత తనూ వచ్చి రెండో పక్కన కూర్చుంది. ఆ పూట నాన్న కూడా టీ అడగలేదు.

సుక్కి ఒకసారి కుయ్యిమంది. రాజశ్రీ దాని చెవిలో తనకు తెలిసిన బస్సు స్టాపులు చెప్పింది. అన్నీ తెలియవు. తెలియని చోట మామ్మ అందించింది.

తొమ్మిదింటికి క్లినిక్కి చేరారు. నాన్న చీటీ రాయించడానికి లోపలికి వెళ్ళాడు. వరండాలో బెంచీ మీద మామ్మ కళ్ళు మూసుకుని ఉప్మాక వెంకన్నకి మొక్కుకుంటోంది. పక్క బెంచీలో ఒకావిడ చంటిబిడ్డని ఎత్తుకుని, బుట్టలో పిల్లిని పెట్టుకుని కూర్చుంది. బిడ్డ చేతిలో బిస్కెట్ ఉంది.

అందులో ముక్క ఎలా విరిగి పడిందో రాజశ్రీ చూడలేదు. పడిన చప్పుడు మాత్రం వింది. నేల మీది ముక్క చూసి తాడు లాగేలోపే సుక్కి మెడ చాచింది. ముక్క లేదు. నాలుక ఒకసారి మూతి చుట్టూ తిరిగింది.

ఎవరూ చూడలేదు. పిల్లి తాలూకు ఆవిడ బిడ్డ మూతి తుడుస్తోంది. మామ్మ కళ్ళు తెరవలేదు.

ఎంత ముక్క? బొటనవేలి గోరు కంటే కొంచెం పెద్దది. అంతే. మూడు రస్కులెక్కడ, ఇదెక్కడ. చెబితే మళ్ళీ వాయిదా వేస్తారు. నాన్నకి మళ్ళీ సెలవు దొరకదు. మామ్మ ఇంత పొద్దెక్కినా ఏమీ తినలేదు. సుక్కి రాత్రంతా పడిన ఆకలి వృథా. పైగా కుక్కని సరిగ్గా పట్టుకోలేదని తప్పు తన మీదకే వస్తుంది.

నాన్న బయటికి వచ్చి, ఇంకో పది నిమిషాల్లో పిలుస్తారని చెప్పాడు. ఆయన ముఖం తేలిగ్గా ఉంది.

రాజశ్రీ తాడు ఆయన చేతికిచ్చింది. లేచి, తిన్నగా వెళ్ళి డాక్టరు గారి గది తలుపు కొట్టింది.

"మేడం, సుక్కి ఇప్పుడే బిస్కెట్ ముక్క తినేసింది. కింద పడితే. ఇంత" అని బొటనవేలు మీద కొలిచి చూపించింది. "తొమ్మిదీ పది అయింది అప్పుడు. నేను తాడు పొడుగ్గా వదిలేను."

వెనకాల నాన్న వచ్చి నిలబడ్డాడని ఆమెకి తెలుసు. తిరిగి చూడలేదు.

డాక్టరు గారు గడియారం చూశారు. త్రినాధరావుతో కాసేపు మాట్లాడారు. పిల్లి ఒకటి, ఇంకో కుక్క ఒకటి ఉన్నాయి, వాటిని ముందు చేసి, సుక్కిని అన్నిటికంటే ఆఖరున, మూడింటి తర్వాత చేద్దామన్నారు. అప్పటిదాకా ఆ తాడు పొట్టిగా పట్టుకోవాలి.

నాన్న ముందుకొచ్చాడు. రాజశ్రీ నెత్తి మీద చెయ్యి పెట్టి, ఒక క్షణం అలాగే ఉంచి, ఫోను తీసి షాపు యజమానికి సాయంత్రం దాకా రాలేనని చెప్పాడు.

ఆ ఆరు గంటలూ ఎంత పొడుగో. రాజశ్రీ తాడుని చేతికి రెండు చుట్లు చుట్టుకుని నేల మీద కూర్చుంది. ఒకసారి కునుకు పట్టినా తాడు వదల్లేదు.

మూడుంబావుకి సుక్కిని లోపలికి తీసుకెళ్ళారు. తలుపులో చిన్న అద్దం ఉంది. రాజశ్రీ మునివేళ్ళ మీద నిలబడి చూసింది. ఆపరేషన్ కనిపించలేదు, డాక్టరు గారి వీపు మాత్రం కనిపించింది. త్రినాధరావు కనిపించాడు. ఆయన సుక్కి తల దగ్గర కూర్చుని, గుండె విని, కాగితం మీద ఏదో రాసి, మళ్ళీ వింటున్నాడు. తల పక్కకి తిప్పట్లేదు. నవ్వట్లేదు. ఆయన అలా ఉన్నంతసేపూ రాజశ్రీకి ధైర్యంగా ఉంది.

గంటన్నర తర్వాత పిలిచారు. గడ్డ మొత్తం వచ్చేసిందని డాక్టరు గారు చెప్పారు.

సుక్కి దుప్పటి మీద పక్కకి తిరిగి పడి ఉంది. నాలుక బయటికి వేలాడుతోంది. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి, కానీ ఎవరినీ చూడటం లేదు. రాజశ్రీ దాని పాదం పట్టుకుంది. చల్లగా ఉంది.

మత్తులో ఒళ్ళు చల్లబడుతుందమ్మా, భయం లేదు, అన్నాడు త్రినాధరావు. వేడినీళ్ళ సీసాలకి గుడ్డ చుట్టి సుక్కి వీపు పక్కన పెట్టాడు. పైన ఇంకో దుప్పటి కప్పాడు. అది మింగడం మొదలుపెట్టాక గొంతులో గొట్టం తీసేశాడు. ఇక దాన్ని పిలవమన్నాడు, తెలిసిన గొంతు వింటే తొందరగా తేరుకుంటుందట.

రాజశ్రీ పిలిచింది. కదలలేదు. నాన్న పిలిచాడు. కదలలేదు. అప్పుడు మామ్మ నెమ్మదిగా వంగి, నాలుకతో టకటకమనిపించి, "సుక్కే, ఇల్లొచ్చీసింది, దిగు" అంది. తాత బస్సు దిగేటప్పుడు తువ్వాల్లో పిల్లతో అన్నది అదేనట.

దుప్పటి కింద తోక ఒకసారి నేలని కొట్టింది.

మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న తల తిప్పుకుని కిటికీ వైపు చూశాడు. రాజశ్రీ ఏడ్చేసింది, నవ్వేసింది కూడా.

ఇంటికి బయల్దేరేముందు డాక్టరు గారు జాగ్రత్తలు చెప్పారు. ఏడింటికి రెండు చెంచాల నీళ్ళు. వాంతి కాకుండా, తూలకుండా లేచి నిలబడితే ఎనిమిదింటికి గుప్పెడు మెత్తటి అన్నం. ముందు పెట్టకూడదు, ఎక్కువ పెట్టకూడదు. రాజశ్రీ అవన్నీ ఆవిడ చేత రెండోసారి చెప్పించుకుంది.

ఆ సాయంత్రం అమ్మ కూడా డ్యూటీ నుంచి వచ్చేసింది. అందరూ భోజనాలు చేశారు. ఏడింటికి సుక్కి నీళ్ళు తాగింది. ఏడూ నలభైకి లేచి, నాలుగు కాళ్ళ మీద నిలబడి, చుట్టూ చూసి, మళ్ళీ పడుకుంది. మామ్మ ఆగలేకపోయింది. మెత్తగా పిసికిన అన్నం చిన్న పళ్ళెంలో పట్టుకుని వచ్చింది. సుక్కి తల ఎత్తింది.

"ఇప్పుడెట్టొచ్చేటే?" అని అడిగింది మామ్మ. పెద్దావిడ, మనవరాలిని అడిగింది.

రాజశ్రీ గోడ గడియారం చూసింది. సుక్కిని చూసింది. దాని కళ్ళు పళ్ళెం మీదే ఉన్నాయి. తర్వాత రాజశ్రీ మీదకి తిరిగాయి.

"ఇంకా ఇరవై నిమిషాలుంది మామ్మా" అంది.

మామ్మ పళ్ళెం మీద మూత పెట్టి, సుక్కికి అందనంత ఎత్తున కిటికీలో పెట్టింది. వచ్చి పక్కన కూర్చుంది. రాజశ్రీ సుక్కి వీపు మీద చెయ్యి వేసింది. ఇప్పుడు వెచ్చగా ఉంది. ముగ్గురూ గోడ గడియారం కింద కూర్చుని ఎనిమిది కొట్టే దాకా ఎదురుచూశారు.